నెలకు 2,900 కిలోమీటర్ల నుంచి 875కు: ఒక వ్యాన్ ప్రయాణం జమాఖర్చులు

గుంటూరులో ఒక ఆడిటరు గారి దగ్గర పదహారేళ్లు లెక్కలు రాసిన నేనూ, ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పిన నా భార్యా 2022 నవంబరు 1 నుంచి 2023 ఆగస్టు 31 వరకు, అంటే 304 రోజులు, ఒక చిన్న వ్యాన్‌లో కాపురముంటూ దేశం తిరిగాం. ఆ తిరుగుడును యూట్యూబ్‌లో తెలుగు వీడియోలుగా పెట్టాం. వృత్తి అలవాటు వదలక మొదటి రోజు టీ నుంచి చివరి రోజు టోలు వరకు ప్రతి రూపాయికీ పద్దు రాశాను. ఇలాంటి ప్రయాణం తలపెట్టినవారు తరచూ వచ్చి సలహా అడుగుతున్నందువల్ల ఆ పద్దుపుస్తకాన్ని ముందు పెట్టుకుని, ఏది ఎందుకు జరిగిందో ఒకచోట రాస్తున్నాను.

బయలుదేరేటప్పుడు మా అంచనా ఒకటే. ఎక్కువ ఊళ్లు తిరిగితే ఎక్కువ వీడియోలు వస్తాయి, ఎక్కువ వీడియోలు వస్తే ఆదాయం త్వరగా మొదలవుతుంది, ఆ ఆదాయం పెట్రోలు ఖర్చును మోస్తుంది. కాగితం మీద ఈ అంచనాలో తప్పు కనిపించదు. మూడు నెలలు గడిచేసరికి పద్దుపుస్తకం మాత్రం దానికి పూర్తిగా ఎదురు తిరిగింది.

బండి, దాని లోపలి ఏర్పాటు

2019 నాటి ఐదు సీట్ల మారుతీ ఈకోను 3,40,000 రూపాయలకు సెకండ్‌హ్యాండులో కొన్నాం. సీఎన్‌జీ రకం కావాలా అని అమ్మినాయన అడిగాడు కానీ, వెనక సామాను పెట్టుకునే చోటును సిలిండరు ఆక్రమిస్తుంది కాబట్టి పెట్రోలు బండినే ఎంచుకున్నాం. ఎక్కడ చెడిపోయినా మెకానిక్కుకు తెలిసిన బండి కావడం, దీని విడిభాగాలు జిల్లా కేంద్రాల్లో దొరకడం మా దృష్టిలో అసలు కారణాలు. పెద్ద వ్యాన్లు నిలబడి బట్టలు మార్చుకునేంత ఎత్తుంటాయన్న మాట నిజమే. అయితే ఈ బండి 3.7 మీటర్లకు లోపే ఉండటంతో తిరునల్వేలి సందుల్లోనూ పట్టింది, హిమాచల్‌లోని కిన్నౌర్ కొండదారిలో ఎదురు బస్సుకు దారి ఇవ్వడానికీ వీలైంది.

లోపలి పని విజయవాడ ఆటోనగర్‌లో తొమ్మిది రోజుల్లో పూర్తయింది. ప్లైవుడ్ పెట్టెలు, వాటి మీద మూడు ముక్కలుగా మడతపడే పరుపు, రెక్సిన్ అంచులు, 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, 12 వోల్టుల ఫ్యాను, ఎల్‌ఈడీ లైట్లు, సోలార్ పలక, లిథియం బ్యాటరీ అన్నీ కలిపి 72,000 రూపాయలయ్యాయి. ఇందులో ఒక్క బ్యాటరీయే 34,000. మొదట డబ్బు కలిసివస్తుందని ఇంట్లోని ఇన్వర్టరు బ్యాటరీని పెట్టి చూశాం. యాభై కిలోలు దాటిన ఆ బరువుకు బండి వెనక్కి కుంగిపోయింది. పైగా అలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే ఆయుష్షు తరిగిపోతుంది, చార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వదులుతుంది. తలకింద అలాంటి దాన్ని పెట్టుకుని నిద్రపోవడం కుదరని పని కాబట్టి 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మారాం. దానిలో 1,280 వాట్ అవర్ల కరెంటు నిలవుంటుంది. మా రోజువారీ వాడకంలో ఎడిటింగుకు మూడు గంటల ల్యాప్‌టాప్ 180, రాత్రి ఎనిమిది గంటల ఫ్యాను 160, ఫోన్లు, కెమెరా, లైట్లు 75, మొత్తం 415. ఒక పగలంతా మబ్బు పట్టినా, రెండో రోజు కూడా పట్టినా గడిచేది. మూడో రోజు మాత్రం ఏ టిఫిన్ సెంటరులోనో ప్లగ్గు అడగవలసి వచ్చేది.

చట్టం సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది బండి కోయించాక దీని గురించి అడుగుతారు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. 2021 ఆగస్టులో కేరళలోని కన్నూరులో వ్యాన్ వీడియోలు చేసే ఇద్దరి బండిని అక్కడి మోటారు వాహనాల శాఖ అనుమతి లేని మార్పుల కారణంగా స్వాధీనం చేసుకున్న వార్త మేము బండి కొనడానికి ఏడాది ముందుదే. అందుకే మేము రేకు కోయలేదు, వెల్డింగు చేయించలేదు, రంగు మార్చలేదు, ముందు లైట్ల జోలికి పోలేదు. పెట్టెలన్నీ బోల్టులు విప్పితే అరగంటలో బయటికి వచ్చేలా చేయించాం. రెండో వరుస సీటును మాత్రం విప్పి తెనాలిలో మా తమ్ముడి ఇంట్లో పెట్టాం. కచ్చితంగా చూస్తే అదీ మార్పే అవుతుందని ఒప్పుకోవాలి. ఎక్కడా ఏ అనుమానానికీ తావు ఉండకూడదనుకునేవారు మోటారు క్యారవాన్ల ప్రమాణానికి ఆమోదం పొంది, రిజిస్ట్రేషన్ పత్రంలో అలాగే నమోదైన బండినే తీసుకోవాలి. దాని ధర మా బడ్జెట్‌కు అందలేదు.

వంటకు ఐదు కిలోల చిన్న సిలిండరు వాడాం. గుర్తింపు కార్డు చూపిస్తే పెట్రోలు బంకుల్లోనూ ఇవి దొరుకుతాయి. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది కాబట్టి లీకైతే పైకి పోకుండా బండి అడుగున పేరుకుంటుంది. ఈ బండికి ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. ఈ రెండు విషయాలూ కలిపి ఆలోచించినవారెవరూ బండి లోపల పొయ్యి వెలిగించరు. వెనక తలుపు పైకి లేపితే అదే చూరులాగా ఉంటుంది. వానొచ్చినా, ఎండొచ్చినా ఆ చూరు కిందే మా వంట సాగింది.

మొదటి మూడు నెలలు

నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో చెన్నై, పుదుచ్చేరి, రామేశ్వరం, కన్యాకుమారి, కేరళ, మైసూరు, కర్ణాటక తీరం, గోవా మీదుగా 8,700 కిలోమీటర్లు తిరిగాం. మ్యాపులో ఆ దారి అంత పొడుగు ఉండదు. అయితే వారానికి మూడు వీడియోలు పెట్టాలని నియమం పెట్టుకున్నాం, ప్రతి వీడియోలోనూ కొత్త ఊరు కనిపించాలనుకున్నాం, దానితో ముందుకు వెళ్లినదాన్ని వెనక్కి తిరిగి, పక్కకు మళ్లి, ఒకే కొండను మూడువైపుల నుంచి ఎక్కాం. డిసెంబరులో ఒక వారం ఆరు రోజుల్లో మున్నార్, తేక్కడి, వాగమన్, అలప్పుళ నాలుగూ చూసేశాం. ఆ వారం చివరి పొద్దున టీ కాస్తూ నా భార్య, ‘‘ఏవండీ, మొన్న రాత్రి మనం ఎక్కడ పడుకున్నాం?’’ అని అడిగింది. నాకు వెంటనే తట్టలేదు. పద్దుపుస్తకంలో పెట్రోలు రసీదు చూసి ఊరి పేరు చెప్పవలసి వచ్చింది. ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం కానీ, జనవరి చివర లెక్క కట్టినప్పుడు ఆ నవ్వు మిగల్లేదు.

ఆ 92 రోజులకు ఖర్చు 1,44,000 రూపాయలు. అందులో పెట్రోలు 63,400, టోళ్లు 7,900, తిండి 33,000, గదుల అద్దె 11,200, బండి మరమ్మతులు 14,600, ఫోను డేటా 4,200, ఇతరాలు 9,700. రోజుకు 1,565 రూపాయలు పడింది. గుంటూరులో ఇంటి అద్దెతో సహా మా నెల ఖర్చు 31,000 దాటేది కాదు. ఇల్లు ఖాళీ చేసి రోడ్డు మీదికొచ్చాక అది 48,000 అయింది. తక్కువ ఖర్చు ప్రయాణం అని వీడియో పేర్లలో పెట్టుకుంటున్న మాకు ఆ అంకె సిగ్గుగానే అనిపించింది.

గదుల పద్దు గురించి ఒక మాట. బయలుదేరేముందు నేను వేసిన అంచనాలో ఆ పద్దే లేదు. బండి ఉండగా గది ఎందుకన్నది నా వాదన. నెలలో కనీసం మూడు రాత్రులు స్నానాల గది, తలుపుకు గడియ ఉన్నచోట ఉంటేనే తాను వస్తానని నా భార్య బయలుదేరే ముందే చెప్పి ఆ పద్దు రాయించింది. సాయంత్రం ఐదుకల్లా బండి ఆగాలన్న నియమమూ ఆమెదే. వ్యాన్ ప్రయాణాల్లో మధ్యలో ఆగిపోయినవాటిలో చాలావరకు డబ్బు వల్ల కాక మరుగుదొడ్డి వల్లే ఆగిపోయి ఉంటాయని నాకు గట్టి అనుమానం. ఈ పద్దును పొదుపు పేరుతో కొట్టివేయవద్దని భర్తలకు ప్రత్యేకంగా చెబుతాను.

పది నెలల్లోనూ మిగిలిన రాత్రులు పెట్రోలు బంకుల్లో, దాబాల ముందు, గుళ్ల సత్రాల ఆవరణల్లో, పంజాబులో గురుద్వారాల పార్కింగుల్లో గడిచాయి. బంకులో ముందుగా ఐదొందల పెట్రోలు పోయించుకుని, తరువాత మేనేజరును అడిగితే దాదాపు ఎక్కడా కాదనలేదు. మా నంబరు పలక మీది ఏపీ అక్షరాలు మాకు చేసిన సాయం ఇంతా అంతా కాదు. గుజరాత్‌లో ఒక బంకులో బండి ఆపుతుండగా పక్కనున్న లారీ నుంచి ఒక కుర్రాడు దిగి, ‘‘ఏ ఊరన్నా మనది?’’ అన్నాడు. గుంటూరు అన్నాను. ‘‘మాది చిలకలూరిపేట. ఇక్కడొద్దన్నా, తెల్లారుజామున ట్యాంకరొస్తే లేపేస్తారు. ఆ గాలి మిషన్ పక్కన పెట్టుకోండి, రాత్రంతా లైటుంటది, వదినకి బాత్రూమూ దగ్గర’’ అన్నాడు. బండి ఎక్కడ నిలపాలో లారీ డ్రైవర్లను మించి చెప్పగలవాళ్లు లేరు.

ఇక వీడియోలు. ఆ మూడు నెలల్లో 38 పెట్టాం. సగటున ఒక్కొక్కదానికి 900 వీక్షణలు వచ్చాయి, చూసినవారు సగటున రెండు నిమిషాల నలభై సెకన్లు నిలిచారు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి అర్హత రావాలంటే వెయ్యిమంది చందాదారులు, పన్నెండు నెలల్లో నాలుగు వేల గంటల వీక్షణ సమయం కావాలి. పొట్టి వీడియోల దారిలో వెళ్లేవారికి తొంభై రోజుల్లో కోటి వీక్షణలు కావాలి. మా 38 వీడియోలకూ కలిపి వచ్చిన సమయం దాదాపు 1,520 గంటలు, చందాదారులు 610. ఇంకొక వింత కూడా చెప్పాలి. ఎనిమిది నిమిషాలు దాటిన వీడియో మధ్యలోనే ప్రకటనలు పెట్టుకోవచ్చని ఎక్కడో చదివి, ప్రతి వీడియోనూ ఎనిమిదిన్నర నిమిషాలకు లాగేవాణ్ని. ప్రకటనలకు మాకింకా అర్హతే లేదన్న సంగతి, లాగిన ఆ రెండు నిమిషాల దగ్గరే జనం లేచి వెళ్లిపోతున్నారన్న సంగతి గణాంకాల పేజీలో గీత పడిపోయినచోట స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. పదహారేళ్లు ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టినవాణ్ని నా లెక్కను మాత్రం చూడలేదు.

మాండ్విలో పదకొండు రోజులు

ఫిబ్రవరి రెండో వారంలో కచ్ జిల్లాలోని మాండ్వికి చేరేసరికి క్లచ్ జారడం మొదలైంది. విప్పాక గేర్‌బాక్సులో ఒక బేరింగు కూడా పోయిందని తేలింది. తప్పు బండిది కాదు, మాది. నిండా సామానుతో, నీళ్ల క్యాన్లతో, మూడు నెలలు తీరిక లేకుండా ఘాట్లు ఎక్కించిన ఫలితం అది. క్లచ్ ప్లేటు భుజ్‌లో దొరికింది, బేరింగు అహ్మదాబాదు నుంచి రావాలన్నారు, మధ్యలో సెలవులు వచ్చాయి. బండి మెకానిక్కు దొడ్లో ఉండిపోగా, మేము ఒక ధర్మశాలలో గది తీసుకున్నాం. వీడియోల వరుస తెగిపోతోందని నాకు దిగులు. రోజూ ఒకేచోట నిద్ర లేస్తున్నందుకు నా భార్యకు సంతోషం.

మాండ్విలో రుక్మావతి నది ఒడ్డున పెద్ద పెద్ద చెక్క ఓడలు కడతారు. నాలుగు వందల ఏళ్ల నుంచి సాగుతున్న పని అని అక్కడివారు చెబుతారు. కట్టిన ఓడ ఖాళీ పెట్టెను దుబాయికి లాగించుకుపోయి అక్కడ ఇంజను బిగించే పద్ధతి ఇప్పటికీ ఉంది. మొదటి రోజు మేము మామూలుగానే వెళ్లి, అటొక చూపు, ఇటొక చూపు కెమెరాకు పట్టి, నలభై నిమిషాల్లో పని ముగించాం. బండి ఉండి ఉంటే ఆ సాయంత్రమే ధోలావీరా దారి పట్టేవాళ్లం. బండి లేదు కాబట్టి రెండో రోజూ అక్కడికే పోయాం, మూడో రోజూ పోయాం. నాలుగో రోజు ఒక పెద్దాయన తానే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఆయన పని పలకల మధ్య సందు పూడ్చడం. దూదిని తాడులా పేని, నూనెలో తడిపి, రెండు పలకల మధ్య సందులో పెట్టి, మొద్దు ఉలితో, చెక్క సుత్తితో దాన్ని లోపలికి దట్టిస్తాడు. మూడు దెబ్బలు చిన్నగా, నాలుగోది గట్టిగా. దూది సరిగా దిగితే ఆ నాలుగో దెబ్బ చప్పుడు మారుతుందట. మాకు మొదట తేడా తెలియలేదు. ఆయన మా ఆవిడ చేతిని పలక మీద పెట్టించి, కళ్లు మూసుకోమని, రెండు రకాల దెబ్బలూ కొట్టి చూపించాడు. అప్పుడు చేతికి తెలిసింది, తరువాత చెవికి తెలిసింది. ఆ చప్పుడును పట్టుకోవడానికే మాకు రెండు రోజులు పట్టింది, ఎందుకంటే నది ముఖద్వారం దగ్గర గాలి ఫోను మైకులో బుస కొడుతుంది. చివరికి కాలరు మైకుకు బొచ్చు తొడుగు వేసి, ఓడ నీడన గాలికి అటువైపు కూర్చుని, పొద్దున ఏడింటికి ముందు రికార్డు చేశాం. వీడియోలు చేసేవారు కెమెరా మీద పెట్టే డబ్బులో నాలుగో వంతు శబ్దం మీద పెడితే చాలునని నేను అనడం మొదలుపెట్టింది అప్పటినుంచే.

ఆ పదకొండు రోజుల్లో తీసినదాన్నంతా కలిపి 26 నిమిషాల వీడియో ఒకటి చేశాం. ఊరి పేరు కాదు, దూది పేనే ఆ చేతులు దాని ముఖచిత్రం. మార్చి చివరికి దాన్ని 21,000 సార్లు చూశారు, సగటున తొమ్మిది నిమిషాలు చూశారు. అంటే ఒక్క వీడియోకు 3,150 గంటలు. మూడు నెలలు ఊపిరాడకుండా తిరిగి చేసిన 38 వీడియోలు తెచ్చిన సమయానికి ఇది రెట్టింపు. కాకినాడ దగ్గరి కోరంగి, తాళ్లరేవు వైపు నుంచి చాలామంది తమ తాతలు ఇదే పని చేసేవారని రాశారు. దూదికి వాళ్ల ఊళ్లో ఏమనేవారో, ఏ నూనె వాడేవారో చెప్పారు. ఓడల పని మన తీరంలోనూ ఉండేదని నాకు పుస్తకంలో చదివిన జ్ఞాపకమే తప్ప, ఆ వీడియోకు తెలుగులో ఇంతమంది సొంతదారులు ఉన్నారని తీసేటప్పుడు ఊహించలేదు.

ఏప్రిల్‌లో ప్రకటనల ఆదాయానికి అనుమతి వచ్చింది.

చిరునామా లేనివారికి వచ్చిన ఉత్తరం

అనుమతి రావడానికీ డబ్బు చేతికి రావడానికీ మధ్య నాలుగు నెలలు పట్టింది, ఆ ఆలస్యానికి బాధ్యత నాదే. ఖాతాలో పది డాలర్లు చేరగానే, ప్రకటనల డబ్బు చెల్లించే గూగుల్ విభాగమైన యాడ్‌సెన్స్ నుంచి ఒక రహస్య సంఖ్య మామూలు తపాలాలో ఇంటికి వస్తుంది. దాన్ని ఖాతాలో నమోదు చేస్తేనే చిరునామా ధ్రువపడుతుంది, నాలుగు నెలల్లోపు చేయకపోతే ప్రకటనలే ఆగిపోతాయి. నేను ఎప్పుడో ఆ ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన చిరునామా మేము ఖాళీ చేసి వచ్చిన అద్దె ఇంటిది. మే నెలలో మేము హిమాచల్‌లో పాలంపూర్ తేయాకు తోటల దగ్గర ఉండగా ఆ ఉత్తరం గుంటూరు చేరి, కొత్తగా అద్దెకు వచ్చినవారికి మా పేరు తెలియక తిరిగి వెళ్లిపోయింది. తరువాత చిరునామాను తెనాలిలోని మా తమ్ముడి ఇంటికి మార్చి, రెండో ఉత్తరం కోరి, మూడు వారాలు ఎదురు చూశాం. జూలైలో మా మరదలు ఫోను చేసి, ‘‘బావగారూ, ఏదో చిన్న కాగితం వచ్చింది, అంచులు చింపితే లోపల ఆరంకెలున్నాయి, చదవమంటారా?’’ అంది. ఆమె ఒక్కొక్క అంకె చదువుతుంటే నేను పద్దుపుస్తకం అట్ట మీద రాసుకున్నాను.

నిల్వ వంద డాలర్లు దాటితేనే చెల్లింపు వస్తుంది, అదీ నెలలో 21 నుంచి 26వ తేదీల మధ్య. మాకు మొదటి చెల్లింపు ఆగస్టులో పడింది. అమెరికా పన్ను పత్రాన్ని కూడా ముందే నింపుకోవాలి. అక్కడి వీక్షకుల వల్ల వచ్చే ఆదాయం మీద, మన దేశంతో ఉన్న ఒప్పందం ప్రకారం, 15 శాతం కోత పడుతుంది. పత్రం ఇవ్వకపోతే కోత అంతకన్నా పెరుగుతుంది, ప్రపంచమంతటి ఆదాయం మీద పడుతుంది. తెలుగు వీడియోలకు ఇది చిన్న విషయం కాదు. మా వీక్షణల్లో అమెరికావి 11 శాతమే అయినా ఆదాయంలో వాటి వాటా 34 శాతం.

తాబో

మాండ్వి తరువాత నియమం మార్చాం. వారానికి ఒక వీడియో, నెలకు వెయ్యి కిలోమీటర్లకు మించని ప్రయాణం, ఒక ఊళ్లో కనీసం వారం. నా భార్య దీనికి ‘విడిది’ అని పేరు పెట్టింది. జూన్ చివర కిన్నౌర్ దారిలో కల్ప, నాకో మీదుగా స్పితి లోయలోని తాబో చేరాం. క్రీస్తు శకం 996లో కట్టిన బౌద్ధ విహారం ఉన్న ఊరు అది, ఎత్తు సుమారు 3,280 మీటర్లు. అక్కడ నీళ్లు 89 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కరు లేకుండా అన్నం ఉడకదు, ఉడికినా పలుకు పోదు.

వారం ఉందామని వెళ్లినవాళ్లం ఇరవై నాలుగు రోజులు ఉన్నాం. జూలై రెండో వారంలో హిమాచల్‌ను ముంచెత్తిన వానలకు బియాస్ నది కులు, మనాలి మధ్య రహదారిని చాలాచోట్ల కోసుకుపోయింది, కొండచరియలు పడి ఎన్నో దారులు మూతపడ్డాయి. మా ఊళ్లో మూడు రోజులు ఫోను పలకలేదు. మేము ఉన్న ఇంటివారు పచ్చి బఠాణీ రైతులు. కోత మొదలైంది, బస్తాలు నిండాయి, లారీ రాదు. మేమూ పొద్దున పూట వాళ్లతో కాయలు కోశాం, మధ్యాహ్నం ఎడిటింగు చేశాం, సాయంత్రం లారీ వచ్చిందేమోనని ఊరంతటితో కలిసి మలుపు వైపు చూశాం. దాన్నే 31 నిమిషాల వీడియో చేశాం. దానికి మాండ్వి వీడియోకు వచ్చినన్ని వీక్షణలు రాలేదు, మూడో వంతు వచ్చాయి. అయినా చూసినవారు అంతే సేపు నిలిచారు.

డ్రోన్ లేకుండా కొండల వీడియోలేమిటని కొందరు అడిగారు. 250 గ్రాముల లోపు వాటికి పైలట్ లైసెన్సు అక్కరలేకపోయినా ఎర్ర జోన్లుగా గుర్తించిన నిషిద్ధ ప్రాంతాల్లో ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయడానికి వీల్లేదు, సరిహద్దు జిల్లాల్లో ఆ చిక్కు తల మీదికి తెచ్చుకోవడం అనవసరమనిపించింది. దానికయ్యే డబ్బుతో నలభై రోజులు బతికాం.

పద్దు ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

మే నుంచి ఆగస్టు వరకు 123 రోజుల్లో 3,500 కిలోమీటర్లు తిరిగి 1,11,000 రూపాయలు ఖర్చు చేశాం. పెట్రోలు 27,440, టోళ్లు 1,100, తిండి 41,800, గదులు 14,500, మరమ్మతులు 11,900, డేటా 5,600, ఇతరాలు 8,660. రోజుకు 902 రూపాయలు. మొదటి మూడు నెలలతో పోలిస్తే రోజుకు 663 రూపాయల తేడా వచ్చింది. అందులో పెట్రోలు, టోళ్లదే 540కి పైగా. తిండి ఖర్చు రోజుకు ఇరవై రూపాయలే తగ్గింది. గదుల ఖర్చు దాదాపు కదల్లేదు. తక్కువ ఖర్చు ప్రయాణం అనగానే అందరూ తిండి దగ్గరా, గది దగ్గరా గీసి గీసి మిగుల్చుకోవాలని చూస్తారు. మా పద్దులో తరిగింది చక్రాల కింద పోయే ఖర్చు ఒక్కటే.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు అయిన 1,05,000 కూడా కలిపితే పది నెలల మొత్తం ఖర్చు 3,60,000, తిరిగిన దూరం 16,800 కిలోమీటర్లు. ఇందులో వీడియోల నుంచి చేతికి వచ్చింది 38,600, అంటే పదో వంతుకు కాస్త ఎక్కువ. దారిలో ఉంటూనే రెండు దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు, ఖాతాలు రాసిపెట్టినందుకు నెలకు 18,000 చొప్పున 1,80,000 వచ్చింది. మిగిలిన 1,41,400 దాచుకున్న సొమ్ము. కాబట్టి ‘వీడియోలతో ప్రయాణం గడిచింది’ అని నేను ఎక్కడా అనను. మా ప్రయాణాన్ని మోసింది నా పాత వృత్తి.

నా లెక్కను నేనే ఎదురు ప్రశ్నలు వేసి చూస్తే కొన్ని బలహీనతలు కనిపిస్తాయి. చివరి నాలుగు నెలలూ కొండల్లో గడిచాయి. అక్కడ టోళ్లు తక్కువ, ఫ్యాను అక్కరలేదు. ఏపీలో కన్నా హిమాచల్‌లో పెట్రోలు చవక. అప్పటికి మాకు బండి నడపడం, వండుకోవడం, ఎడిటింగు అన్నీ చేయి తిరిగాయి. మాండ్వి వీడియో ఆడటంలో అదృష్టం పాలు ఎంతో కొలిచే సాధనం నా దగ్గర లేదు. ఒకటి ఆడితే అన్నీ ఆడతాయని తాబో రుజువు చేయలేదు. వారం ఉన్న ప్రతిచోటా కథ దొరకలేదన్నదీ నిజమే. కల్పలో తొమ్మిది రోజులు ఉండి తీసినదంతా పారేశాం. అయితే నిలకడగా ఉన్నచోట వీడియో రాకపోయినా పోయేది తొమ్మిది రోజుల తిండి ఖర్చే. పరుగులో వీడియో రాకపోతే దానితోపాటు వెయ్యి కిలోమీటర్ల పెట్రోలు కూడా పోతుంది.

సలహాకు వచ్చినవారికి నేను ఇప్పుడు చేయిస్తున్న పని ఒకటుంది. బండి కొనకముందే, తమ దగ్గరున్న వాహనంలోనో బస్సులోనో పోయి, ఇంటికి వంద కిలోమీటర్ల లోపున్న ఒక ఊళ్లో వారం ఉండి, ఒకే ఒక వీడియో తీసుకురమ్మంటాను. మొన్న నరసరావుపేట నుంచి వచ్చిన ఒక జంటను వేటపాలెం మగ్గాల దగ్గరికి పంపాను. నాలుగో రోజే విసుగుపుట్టి వెనక్కి వచ్చేశారు. బండికి అడ్వాన్సు ఇవ్వలేదు, మూడు లక్షలు వాళ్ల దగ్గరే ఉన్నాయి.

మా బండి ఇప్పుడు తెనాలిలో మా తమ్ముడి పెరట్లో ఉంది, రెండో వరుస సీటు మళ్లీ బిగించాం. లిథియం బ్యాటరీ వాళ్లింట్లో కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు తిప్పుతోంది. వచ్చే కార్తీకం తరువాత ఒడిశా తీరం వెంట బయలుదేరాలని అనుకుంటున్నాం. నెలకు 800 కిలోమీటర్లు అన్నదాకా ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. వీడియోలు నెలకు నాలుగు అని నేనూ, రెండు చాలని ఆమె అంటున్నాం. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.